రుద్రమదేవి నిడదవోలు కోడలేనా? మన గోదారి జిల్లాల రాణుల గురించి తెలిసినవాళ్ళు చెప్పండి

గోదారి టీచరమ్మ

అందరికీ నమస్కారమండి. నేను తణుకు పక్కన ఒక హైస్కూల్లో సోషల్ చెప్తాను. కాకతీయుల పాఠం చెప్తుంటే వెనక బెంచీ పిల్ల ఒకత్తి లేచి, మేడమ్ రుద్రమదేవి మన నిడదవోలు కోడలంట కదా మా తాతయ్య చెప్పేడు, మరి ఆవిడ ఇక్కడ ఉండేదా, మన వైపు ఇంకా రాణులు ఎవరైనా ఉన్నారా అని అడిగింది. ఆవిడ భర్త వీరభద్రుడి పేరు వరకు నాకు తెలుసు కాబట్టి అది చెప్పేను, కానీ రెండో ప్రశ్నకి చెప్పడానికి మా పుస్తకంలో ఏమీ లేదు. రాజులైతే వరసగా ఉన్నారు, కుబ్జ విష్ణువర్ధనుడు, గుణగ విజయాదిత్యుడు, రాజరాజ నరేంద్రుడు అంటూ. వాళ్ళ పక్కన ఆడవాళ్ళ పేర్లు ఒక్కటీ లేవు. వేంగి, రాజమహేంద్రవరం, పిఠాపురం, ద్రాక్షారామం ఇన్ని చోట్ల వందల ఏళ్ళు రాజ్యాలు నడిచేయి కదా, ఇళ్ళల్లో ఆడవాళ్ళు లేకుండా నడిచేయా అండి?

యూట్యూబ్‌లో చూస్తే గుర్రం, కత్తి, బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్ తప్ప విషయం ఉండట్లేదు. నాకు కావాల్సింది శాసనాల్లో ఉన్నది, పిల్లలకి ధైర్యంగా చెప్పగలిగేది. ఇంకో మాట కూడా, మా స్టాఫ్ రూంలో ఒకాయన అన్నారు, రాణులంటే గుళ్ళో దీపాలు పెట్టించడం చెరువులు తవ్వించడం అంతేనమ్మా, అధికారం ఎక్కడుంది అని. నాకు ఆ మాట మింగుడు పడలేదు కానీ తిరిగి చెప్పడానికి నా దగ్గర సరుకు లేకపోయింది. తెలిసినవాళ్ళు కాస్త వివరంగా చెప్పండి, పిల్లల్ని తీసుకెళ్ళి చూపించగలిగే చోట్లు ఉంటే అవి కూడా.

నిడదవోలు జంక్షన్

కోడలే అండి మేడమ్, తాతయ్య గారు కరెక్టే చెప్పేరు. రుద్రమ భర్త వీరభద్రుడు నిడదవోలు చాళుక్యుల ఇంటివాడు, ఇందుశేఖరుడి కొడుకు. వేంగి తూర్పు చాళుక్యుల కొమ్మే ఇది, పెద్ద రాజ్యం పోయాక నిడదవోలు చుట్టుపక్కల మిగిలిన చిన్న కొమ్మ. కానీ కోడలు అనగానే మనకి అత్తారింటికి కాపురానికి వచ్చిన పిల్ల గుర్తొస్తుంది కదా, అలా కాదు. ఆవిడ ఓరుగల్లులో కూర్చుని పాలించింది, ఈయన పాలనలో వేలు పెట్టిన దాఖలా ఎక్కడా కనబడదు. మన గోదారి మాటలో చెప్పాలంటే ఇల్లరికం అల్లుడి లాంటి వరస.

గణపతిదేవుడికి కొడుకుల్లేరు, అది అందరికీ తెలిసిన కథ. కానీ ఆయన చుట్టరికాలు మొత్తం ఒకసారి పక్కపక్కన పెట్టి చూడండి, అప్పుడు నిడదవోలు సంబంధం ఎందుకో అర్థం అవుతుంది. తను చేసుకున్నది దివిసీమ నుంచి, జాయప సేనాని తోబుట్టువులు నారాంబ, పేరాంబ. చెల్లెలు మైలాంబని ఇచ్చింది నతవాడి వాళ్ళకి. ఒక కూతురు గణపాంబని ఇచ్చింది ధరణికోట కోట వంశానికి, అంటే అమరావతి. ఇంకో కూతురు రుద్రమకి నిడదవోలు సంబంధం. అంటే కృష్ణ మొదలు గోదారి దాకా కోస్తాలో ఎవరి చేతిలో పంట భూములు, రేవులు ఉన్నాయో వాళ్ళందరూ ఆయనకి వియ్యంకులో బావమరుదులో. తెలంగాణ మెట్టలో ఉన్న రాజుకి డెల్టా మాట వినాలంటే సైన్యం ఒక్కటే పెడితే చాలదు, పైగా చాళుక్యుల ఇంటి సంబంధం అంటే పాత వేంగి రాజుల పరువు కూడా కలిసొస్తుంది.

రుద్రమ విషయానికొస్తే, 1262 ప్రాంతం నుంచి 1289 దాకా. తండ్రి ఉండగానే పాలనలోకి వచ్చింది. శాసనాల్లో రుద్రదేవ మహారాజు అని మగ పేరుతోనే రాయించుకుంది. దేవగిరి యాదవ మహాదేవుడు మీదకి వస్తే తిప్పికొట్టింది, రాయగజకేసరి అనే బిరుదు పెట్టుకుంది. మీ పిల్లలకి మన జిల్లా ముక్క కావాలంటే ఇది చెప్పండి: గణపతిదేవుడు వెనక్కి తగ్గిన టైంలో కళింగ గాంగులు గోదారి జిల్లాల మీద పడ్డారు, రుద్రమ సేనానులు పోతినాయకుడు, ప్రోలినాయకుడు వాళ్ళని వెనక్కి తోలేరు. ఆ విజయాల బిరుదులు ద్రాక్షారామం రాళ్ళ మీదే ఉన్నాయి. అంటే ఆవిడ నిడదవోలు వచ్చిందా లేదా అనే దానికంటే ఆవిడ ఆర్డర్ గోదారి దాకా నడిచింది అనేది పెద్ద విషయం నా లెక్కలో.

ఆవిడ తర్వాత కూడా చూడండి, సింహాసనం ఎక్కిన ప్రతాపరుద్రుడు ఎవరు, కూతురు ముమ్మడమ్మ కొడుకు. తండ్రి నుంచి కూతురికి, కూతురి నుంచి మనవడికి. రాజ్యం రెండు తరాల్లో రెండుసార్లు ఆడపిల్ల పక్కనుంచి దిగింది. ఇది పాఠంలో ఒక్క లైన్‌లో పోతుంది, బోర్డు మీద వంశవృక్షం గీసి చూపించండి మేడమ్, పిల్లలు మర్చిపోరు.

చివరి రోజుల సంగతి కూడా. కాయస్థ వంశపు సామంతుడు అంబదేవుడు తిరగబడ్డాడు, ఆ గొడవల్లోనే ఆవిడ పోయింది అంటారు. నల్గొండ జిల్లా చందుపట్లలో 1289 నాటి శాసనం ఉంది, రుద్రమదేవి, ఆవిడ సేనాని మల్లికార్జున నాయకుడు ఇద్దరికీ పుణ్యం కలగాలని పువ్వుల ముమ్మడి అనే భటుడు వేయించింది. పెద్ద కవి రాసింది కాదు, దగ్గరుండి పనిచేసిన మనిషి పెట్టింది. నాకు రుద్రమ గురించి ఉన్న అన్నిటిలో అదే ఎక్కువ ఇష్టం.

కోటిపల్లి రేవు

పైన జంక్షన్ గారు బాగా చెప్పేరు. నేను రుద్రమ కంటే రెండొందల ఏళ్ళు వెనక్కి వెళ్తాను, ఎందుకంటే మన డెల్టా తలరాత మార్చిన ఆడవాళ్ళు అక్కడ ఉన్నారు, ఒక్కళ్ళ పేరు కూడా మనకి రాదు.

రాజరాజ నరేంద్రుడు అనగానే నన్నయ్య, మహాభారతం, రాజమండ్రి. సరే. ఆయన తల్లి ఎవరు? కుందవ, తంజావూరు రాజరాజ చోళుడి కూతురు, రాజేంద్ర చోళుడి చెల్లెలు. ఈ మధ్య సినిమాల వల్ల కుందవై అనే పేరు అందరికీ తెలుసు కానీ ఆవిడ రాజరాజ చోళుడి అక్క, మనావిడ ఆవిడ మేనకోడలు, అదే పేరు. ఇద్దర్నీ కలిపేసి వాట్సాప్‌లో తిప్పుతున్నారు, పిల్లలకి మాత్రం విడదీసి చెప్పండి.

జరిగింది ఏంటంటే, వేంగిలో జటాచోడ భీముడు గద్దె ఎక్కేక అక్కడి చాళుక్య రాజకుమారులు శక్తివర్మ, తమ్ముడు విమలాదిత్యుడు చోళుల దగ్గరికి పారిపోయేరు. 999లో రాజరాజ చోళుడు సైన్యంతో వచ్చి శక్తివర్మని వేంగి సింహాసనం ఎక్కించేడు, కూతురు కుందవని విమలాదిత్యుడికి ఇచ్చేడు. వాళ్ళబ్బాయే రాజరాజ నరేంద్రుడు, తాతగారి పేరే పెట్టుకున్నారు చూడండి. విమలాదిత్యుడు పోయేక సవతి కొడుకు విజయాదిత్యుడు అడ్డం తిరిగేడు, అతని వెనక కర్ణాటక వైపు కళ్యాణి చాళుక్యులు. అప్పుడు ఈ కుర్రాడికి ఎవరొచ్చేరు? మేనమామ. రాజేంద్ర చోళుడి సైన్యం దిగింది. 1022 ఆగస్టులో పట్టాభిషేకం జరిగింది. ఆ తేదీ, అమ్మ పుట్టింటి వివరాలు అన్నీ కోరుమిల్లి రాగి రేకుల్లో ఉన్నాయి, కోరుమిల్లి అంటే మా కపిలేశ్వరపురం మండలంలో గోదారి గట్టున ఉన్న ఊరే. కైకలూరు దాటితే కలిదిండి ఉంది కదా, అక్కడ యుద్ధంలో చచ్చిపోయిన ముగ్గురు చోళ సేనానుల పేరున రాజరాజ నరేంద్రుడు మూడు శివాలయాలు కట్టించేడు. ఎక్కడ తంజావూరు ఎక్కడ కొల్లేరు, మేనల్లుడి గద్దె కోసం వచ్చి ఇక్కడ మట్టిలో కలిసిపోయేరు ఆ మనుషులు.

తర్వాత రాజరాజ నరేంద్రుడు ఎవరిని చేసుకున్నాడు, మేనమామ రాజేంద్ర చోళుడి కూతురు అమ్మంగని. మేనరికం. వాళ్ళ కొడుకు రాజేంద్రుడు ఎవరిని చేసుకున్నాడు, మళ్ళీ మేనమామ రెండో రాజేంద్ర చోళుడి కూతురు మధురాంతకిని. మళ్ళీ మేనరికం. మూడు తరాలు వరసగా తంజావూరు పిల్లలు వేంగి ఇంటికి వచ్చేరు. 1070లో అక్కడ చోళుల మగ సంతానం నిలవకపోయేసరికి ఈ అమ్మంగ కొడుకే వెళ్ళి చోళ చక్రవర్తి అయ్యేడు, కులోత్తుంగ చోళుడు అంటే ఆయనే. గోదారి రాజు కొడుకు కావేరి ఒడ్డున సామ్రాజ్యం ఏలేడంటే అది కత్తితో వచ్చింది కాదు, అమ్మ, నాయనమ్మ వైపు రక్తంతో వచ్చింది. టేకి, చెల్లూరు శాసనాల్లో ఈ వంశం అంతా తల్లుల పేర్లతో సహా రాసి ఉంది. రాజులు తమ హక్కు చెప్పుకోవడానికి ఫలానా తల్లి కడుపున పుట్టేను అని రాగి మీద చెక్కించుకున్నారు అంటే ఆ తల్లుల విలువ వాళ్ళకి బాగా తెలుసు అని అర్థం.

మీ స్టాఫ్ రూం మాస్టారికి ఇది చెప్పండి. పిల్లనిచ్చిపుచ్చుకోవడమే ఆ రోజుల్లో విదేశాంగ శాఖ.

కొబ్బరితోట

అందరూ చాలా కష్టపడి రాసేరు, చదివేను, థాంక్స్. కానీ ఒక మాట అనకుండా ఉండలేకపోతున్నాను. కుందవని ఎవరైనా అడిగేరా అమ్మా నీకు వేంగి ఇష్టమేనా అని? తండ్రి ఇచ్చేడు, ఆవిడ వచ్చింది, కొడుకు కోసం అన్నగారి సైన్యం వచ్చింది. ఇందులో ఆవిడ చేసింది ఏముంది, ఆవిడ ద్వారా జరిగింది తప్ప? ఇన్ఫ్లుయెన్స్ అనే మాటకి, పావుగా వాడుకోవడం అనే మాటకి తేడా ఉండాలి కదా. ఇంకోటి, రాణి గారు ఊరు దానం ఇచ్చేరు అని గొప్పగా చెప్తాం, ఆ ఊళ్ళో దుక్కి దున్నినవాళ్ళు, ఊడ్పు ఊడ్చిన ఆడవాళ్ళు వాళ్ళ పంటలో భాగం అప్పటినుంచి గుడికి కొలిచేరు, వాళ్ళ పేరు ఏ రాయి మీదా లేదు. పిల్లలకి చెప్పేటప్పుడు ఇది కూడా చెప్పాలి మేడమ్, లేకపోతే మళ్ళీ రాజుల కథే, చీర కట్టించి చెప్పినట్టు.

రాతిపలకలు

కొబ్బరితోట గారి రెండో మాటతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను, మొదటి మాటతో సగం. కుందవ ఏం ఆలోచించిందో మనకి రాసిపెట్టి లేదు, నిజమే. అందుకే నేను ఎప్పుడూ దాన శాసనాలే చూడమంటాను, ఎందుకంటే అక్కడ ఆడమనిషి తన పేరుతో తన సొమ్ముతో ఒక పని చేసినట్టు నేరుగా ఉంటుంది. ఆ స్టాఫ్ రూం ఆయన తీసిపారేసిన దీపాలే తీసుకోండి.

ద్రాక్షారామం భీమేశ్వరుడి గుళ్ళో స్తంభాల మీద, గోడల మీద వందల కొద్దీ శాసనాలు ఉన్నాయి. సౌత్ ఇండియన్ ఇన్‌స్క్రిప్షన్స్ నాలుగో సంపుటం తిరగేస్తే పేజీల మీద పేజీలు ఆ గుడివే. రాణులు, మంత్రుల భార్యలు, సేనానుల తల్లులు, గుళ్ళో సేవ చేసే గుడిసానులు, ఎంతమంది ఆడవాళ్ళో. ఎక్కువభాగం అఖండ దీపాలు. ఒక దీపం అంటే ప్రమిదలో చమురు పోసి దణ్ణం పెట్టుకోవడం కాదండి. సాధారణంగా ఎలా ఉంటుందంటే, దాత యాభై పాడి జీవాల మంద ఇస్తారు, శాసనాల్లో వాటిని ఇనుప యెడ్లు అంటారు, ఇనుప అంటే మంద ఎప్పటికీ తగ్గకూడదు, చచ్చినదాని బదులు ఇంకోటి చేరాలి. వాటిని ఫలానా బోయడు, అంటే మంద కాపరి, తీసుకుంటాడు, అతని పేరు కూడా రాస్తారు. అతను, అతని పిల్లలు, వాళ్ళ పిల్లలు రోజుకి మానెడు నెయ్యి గుడికి కొలవాలి, సూర్యచంద్రులు ఉన్నంత కాలం. అంటే ఒక మూలధనం, దాన్ని నడిపే మనిషి, రోజువారీ రాబడి, తరతరాల ఒప్పందం, అందరి ఎదుటా రాతి మీద. ఇది ఒక ఎండోమెంట్. ఇలాంటివి ఆడవాళ్ళు సొంత పేరు మీద పెట్టగలిగేరు అంటే వాళ్ళ చేతిలో వాళ్ళ ఆస్తి ఉంది, దాన్ని ఎవరికి ఇవ్వాలో తేల్చుకునే హక్కు ఉంది. కొబ్బరితోట గారూ, పేరు లేనివాళ్ళ గురించి అన్నారు కదా, ఈ దీపం శాసనాల్లో కనీసం ఆ పశువుల కాపరి పేరు దొరుకుతుంది, రాణి పేరు పక్కనే.

దీపం చిన్నది అనుకుంటే ఊరు చూడండి. పిఠాపురం కుంతీమాధవ స్వామి గుళ్ళో పెద్ద స్తంభ శాసనం ఉంది, 1186 నాటిది. వెలనాటి గొంకరాజు రాణి, పృథ్వీశ్వరుడి తల్లి జాయాంబిక ఆ దేవుడికి నవఖండవాడ అనే ఊరు ఇచ్చింది. పిఠాపురం పక్కన నవఖండ్రవాడ అని ఇప్పటికీ ఉంది, బస్సు బోర్డు మీద చూసే ఉంటారు. గద్దె మీద కొడుకు ఉన్నాడు, దానం చేసింది తల్లి, శాసనంలో వెలనాటి వంశం మొత్తం ఏకరువు పెట్టించి చివర తన పేరు పెట్టించుకుంది.

ఇప్పుడు టీచర్ గారి ఊరి దగ్గరికి వద్దాం. అత్తిలి. వేంగి రాజు రెండో అమ్మరాజు కాలం, 945 నుంచి 970. చామెకాంబ అనే ఆవిడ, రాణి కాదు, రాజుగారి ప్రియురాలు, గణిక, జైన శ్రావకి అంటే జైన మతం పాటించే గృహస్థురాలు, అర్హనంది అనే ముని శిష్యురాలు. సర్వలోకాశ్రయ జినభవనం అనే జైన ఆలయానికి, దాని సత్రంలో అన్నదానానికి అత్తిలినాడులో కలుచుంబర్రు అనే ఊరు ఈవిడ అడిగితే రాజు ఇచ్చేడు. ఆ శాసనం చామెకాంబని పొగుడుతుంది, ఆవిడ గుణం, ఆవిడ విద్య, ఆవిడ దానం. పట్టపురాణి కాని ఆడమనిషి మాట రాజు చేత ఊరు ఇప్పించింది, అదీ రాజు మతం కాని మతానికి. తొమ్మిదో క్లాసు పిల్లలకి గణిక అనే మాట ఎలా చెప్పాలో మీకే బాగా తెలుసు, కానీ ఆవిడ పేరు వదిలెయ్యకండి. అత్తిలి పిల్లలకి వాళ్ళ ఊరి పేరు వెయ్యేళ్ళ నాటి రాగిరేకుల్లో ఒక ఆడమనిషి పేరుతో కలిసి ఉందని తెలియాలి.

ఇంకా మొదటికి వెళ్తే కుబ్జ విష్ణువర్ధనుడి రాణి అయ్యణ మహాదేవి, ఏడో శతాబ్దం, బెజవాడలో నడుంబి వసది అనే జైన ఆలయానికి ముషినికొండ అనే ఊరు ఇచ్చింది. తర్వాత తరాల్లో వచ్చిన విష్ణువర్ధనుడు ఇంకొకాయన అదే దానాన్ని మళ్ళీ కొత్తగా రాసిచ్చేడు. రాజులు మారినా రాణి ఇచ్చిన మాట నిలబెట్టాల్సి వచ్చింది.

కోటిపల్లి రేవు

రాతిపలకలు గారూ చామెకాంబ సంగతి మాత్రం నేను మొదటిసారి వింటున్నాను, చాలా సంతోషం. కొబ్బరితోట గారి మాటకి ఒకటి జోడిస్తాను. ఊరు ఇస్తే రైతు మీద భారం పడింది అన్నది కాదనలేం, కానీ ఆ రాబడి ఎక్కడికి వెళ్ళిందో కూడా చూడాలి. 1261 మల్కాపురం శాసనం రుద్రమదేవిది, మందడం, వెలగపూడి ఊళ్ళు విశ్వేశ్వర శివాచార్యుడి గోళకీ మఠం అనే శైవ మఠానికి ఇచ్చింది, తండ్రి ఇస్తానన్న మందడానికి తను ఇంకోటి కలిపి. వెలగపూడి అంటే ఇప్పుడు సెక్రటేరియట్ ఉన్న వెలగపూడే. ఆ ఆదాయం గుడికి, చదువుకునే విద్యార్థులకి, సత్రానికి, ఆరోగ్యశాలకి, ప్రసూతిశాలకి. పురుళ్ళ ఆసుపత్రి అండి, పదమూడో శతాబ్దంలో. ఊళ్ళో ఊడ్పు ఊడ్చిన ఆడవాళ్ళు అన్నారు కదా, వాళ్ళ పురుడు సంగతి ఎవరో ఆలోచించిన గుర్తు శాసనాల్లో దొరికే చోటు ఇదొకటి.

కొబ్బరితోట

ప్రసూతిశాల సంగతి ఒప్పుకుంటాను, అది పెద్ద విషయమే. కానీ పంటలో భాగం కొలిచినవాళ్ళ సంగతి మాత్రం పాఠంలో ఉండాల్సిందే అంటాను, ఆ మాట మీద నేను మారను.

కడియం పూలతోట

మీరందరూ రెడ్డిరాజుల్ని వదిలేసేరు! మాది కడియం, మాకు దగ్గర్లోనే కలువచెర్రు. ఆ ఊరి పేరు మీద ఉన్న శాసనం తెలుగువాళ్ళ చరిత్రకే ఆధారం, వేయించింది ఒక రాణి, పేరు అనితల్లి, సంవత్సరం 1423.

అనితల్లి ఎవరంటే కాటయ వేమారెడ్డి కూతురు. కొండవీటి కుమారగిరి రెడ్డి తోబుట్టువుని చేసుకున్నాడు కాటయ వేముడు, బావగారికి కుమారగిరి రాజమహేంద్రవరం ఇచ్చేశాడు, అలా ఇక్కడ రెడ్డిరాజ్యం మొదలైంది. అంటే ఆ రాజ్యం పుట్టడమే ఒక ఆడపడుచు సంబంధం మీద పుట్టింది. తర్వాత కాటయ వేముడు పోయేడు, వారసత్వం అనితల్లికి వచ్చింది, కొండవీటి పెదకోమటి వేముడు మీదకి వస్తున్నాడు, అల్లాడరెడ్డి అడ్డం నిలబడి రాజ్యం కాపాడేడు, తన కొడుకు వీరభద్రారెడ్డిని అనితల్లికి ఇచ్చి చేసేడు. శ్రీనాథుడు కాశీఖండం అంకితం ఇచ్చిన వీరభద్రారెడ్డి ఈయనే. వీరభద్రారెడ్డికి రాజమండ్రి మీద హక్కు ఎక్కడిది అంటే భార్య వైపు నుంచి వచ్చిందే. ఈ ముక్క ఎవరూ చెప్పరు.

కలువచెర్రు శాసనంలో ఏముందంటే, ఓరుగల్లు పడిపోయాక ఏం జరిగిందో ఉంది. ప్రతాపరుద్రుడు తన ఇష్టంతోనే దేవలోకానికి వెళ్ళిపోయేడని, తర్వాత ముసునూరి ప్రోలయ నాయకుడు, కాపయ నాయకుడు దేశాన్ని నిలబెట్టేరని, కాపయ నాయకుడిని డెబ్భై అయిదుగురు నాయకులు కొలిచేరని. ముసునూరి నాయకుల గురించి మనకి ఉన్న గట్టి ఆధారాల్లో ముఖ్యమైనవి రెండు, ఒకటి అమలాపురం దగ్గర విలస శాసనం, రెండోది ఇది. రెండూ మన డెల్టావే. రెండోది ఒక ఆడమనిషి వేయించింది, తన ముందు వంద ఏళ్ళ సంగతి మర్చిపోకుండా అందులో ఎక్కించింది. పైవాళ్ళు అధికారం, ఆస్తి అన్నారు, నేను జ్ఞాపకం అంటాను. అనితల్లి ఆ రేకులు రాయించకపోతే ఆ డెబ్భై అయిదుగురి మాట మనకి తెలిసేది కాదు. కొండవీటి వైపు పెదకోమటి వేముడి రాణి సూరాంబ కూడా సంతానసాగరం అని చెరువు తవ్వించింది, ఫిరంగిపురం శాసనం ఉంది, కానీ అది గుంటూరు వాళ్ళు చెప్పుకోవాలి.

గోదారి టీచరమ్మ

ఇంత రాస్తారని అనుకోలేదండి, అందరికీ పేరుపేరునా నమస్కారాలు. ప్రింట్ తీసి పెట్టుకున్నాను. కొబ్బరితోట గారు చెప్పింది కూడా పాఠంలో పెడతాను, నవఖండవాడ రైతు వైపు నుంచి ఒక పేజీ, జాయాంబిక వైపు నుంచి ఒక పేజీ పిల్లల చేత రాయిస్తాను.

రెండు డౌట్లు. ఒకటి, మార్కో పోలో రుద్రమదేవిని చూసేడని పిల్లలు అంటున్నారు, నిజమేనా? రెండు, ద్రాక్షారామం తీసుకెళ్తే ఆ అక్షరాలు మనకి చదవడం వస్తుందా, ఊరికే గోడ చూసి వచ్చేస్తామా?

నిడదవోలు జంక్షన్

మార్కో పోలో ఆవిడని చూసే వీలు లేదు మేడమ్. అతను ఈ తీరం వైపు వచ్చింది 1290 దాటేక, చందుపట్ల శాసనం 1289. మోటుపల్లి రేవు గురించి, వజ్రాల గురించి, సాలెగూడు లాంటి సన్నబట్టల గురించి రాసేడు, రాణి న్యాయంగా పాలించిందని మెచ్చుకున్నాడు. కానీ భర్త పోయేక నలభై ఏళ్ళు ఏలింది అని రాసేడు, అది రుద్రమకి సరిపోదు, ఆవిడకి రాజ్యం తండ్రి నుంచి వచ్చింది. భర్త పోయేక ఏలిన ఆవిడ అంటే చెల్లెలు గణపాంబ ఉంది, ధరణికోటలో. భర్త బేతరాజు పేరున ఒక గుడి, తండ్రి పేరున ఒక గుడి కట్టించి యనమదలలో శాసనం వేయించింది. రేవులో వర్తకులు అక్కాచెల్లెళ్ళ ఇద్దరి కథా కలిపి చెప్పి ఉంటారని నా అభిప్రాయం. ఇద్దరూ ఏలినవాళ్ళే కాబట్టి కలిసిపోవడానికి వీలుంది.

రాతిపలకలు

అక్షరాల సంగతి. పన్నెండో శతాబ్దం లిపి మొదట్లో కన్నడంలా అనిపిస్తుంది, తలకట్టు వేరుగా ఉంటుంది, కానీ కాసేపు కళ్ళు అలవాటు పడితే పిల్లలు మనకంటే ముందు పట్టేస్తారు. ముందు రోజు క్లాసులో క, న, ర, మ, శ్రీ పాత రూపాలు బోర్డు మీద గీయండి. చాలా శాసనాలు స్వస్తిశ్రీ తోనో శకవర్షంబులు అనే మాటతోనో మొదలవుతాయి, అది దొరికితే సగం దొరికినట్టే, శక సంవత్సరానికి 78 కలిపితే మన లెక్క వస్తుంది. గుడి వాళ్ళ పర్మిషన్ ముందే అడగండి. సుద్దముక్క, పసుపు, నూనె రాతికి రాయనివ్వొద్దు, ఇప్పటికే సున్నం కొట్టి కొన్ని పాడుచేసేరు. ఫోన్ టార్చ్ ఎదురుగా కాకుండా పక్కనుంచి ఏటవాలుగా వేస్తే అరిగిపోయిన అక్షరం కూడా నీడతో లేస్తుంది. కార్తీక మాసం, శివరాత్రి వద్దు, జనంలో స్తంభం దగ్గర నిలబడే చోటుండదు. మామూలు రోజు పొద్దున్నే వెళ్ళండి.